కాఫీ కోతకి కోడి లేదు

"కాఫీకి ఈ ఏడు నుంచి కోడి లేదు," అన్నాడు సింహాద్రి.

జీలుగుమెట్ట ఊరి పెద్ద ఆయన. ఆ మాట అనేసి, భుజం మీది దుప్పటి సర్దుకుని, కాఫీ ఎండబెట్టే కళ్లం గట్టు మీద కూర్చున్నాడు. ఆడవాళ్ల గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. మా సంఘం నిలబడుతుందా మూతపడుతుందా అన్నది ఆ పూట తేలిపోయిందని అక్కడున్న వాళ్లలో చాలామందికి తెలియదు. నాకూ వెంటనే తెలియలేదు.

కోవిడ్ తర్వాత వచ్చిన రెండో కాఫీ సీజన్ అది. చింతపల్లి కొండల్లో ఒక చిన్న కాఫీ రైతుల సంఘానికి నేను మేనేజరుని. అంతకుముందు చాలా ఏళ్లు దినపత్రికలో పనిచేశాను, కొంతకాలం విలేకరిగా, కొంతకాలం డెస్కులో. ఊళ్లూ మనుషులూ తెలుసు కదా రమ్మని పిలిస్తే వచ్చాను. వచ్చేసరికి సంఘం పెద్ద మార్పులో ఉంది.

అప్పటిదాకా రైతులు ఎవరి కాఫీ వాళ్లే ఇంటి దగ్గర తయారుచేసుకునేవారు. చేతితో తిప్పే చిన్న మరలో పండు తొక్క తీసి, గింజ కడిగి, నేల మీద ఎండబోసి, పల్చటి పొరతో ఉన్న ఆ గింజని సంతలో అమ్ముకునేవారు. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఇంటింటికీ ఒక రుచి, సంచి సంచికీ ఒక వాసన. మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు అలాంటి సరుకు తీసుకోడు. అందుకని అందరి పండూ ఒకేచోట తొక్క తీసేలా సంఘం పల్పింగ్ యూనిట్ పెట్టింది. కోసిన పండు కోసినట్టే అదే రోజు యూనిట్‌కి రావాలి, అన్నీ ఎర్రగా పండినవే ఉండాలి. పచ్చి కాయ మరలో సరిగా నలగదు, కలిస్తే కాఫీ మొత్తం వగరెక్కుతుంది. కొనుగోలుదారు ఒక సీజన్ గడువిచ్చాడు. సరుకు నచ్చితే కొనసాగిస్తాం, లేకపోతే లేదన్నాడు.

జీలుగుమెట్టనీ ఆ వరసలో ఉన్న మరో రెండు ఊళ్లనీ ఇందులోకి తెచ్చింది దేవమ్మ. సంఘంలో డైరెక్టరు, సింహాద్రికి కోడలి వరస. ఇంటింటికీ తిరిగి, "పాత మరలు ఇచ్చెయ్యండి, నాది పూచీ" అని చెప్పి ఆ చేతి మరలన్నీ సంఘానికి ఇప్పించేసింది. అంటే యూనిట్ వద్దంటే ఆ ఊళ్లకి పండు వలుచుకునే దారి కూడా లేదు. ఆ మూడు ఊళ్ల పండు రాకపోతే మా యూనిట్‌కి చాలినంత సరుకూ లేదు.

మొదటి కోత జీపు వచ్చింది. యూనిట్ సూపర్‌వైజరు అప్పారావు నర్సీపట్నం మనిషి. పని తెలిసినవాడు, మాట పెళుసు. ఒక సంచి విప్పి టార్పాలిన్ మీద పోశాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసి ముగ్గు పోసినట్టు పరుచుకుంది. "ఇది కాఫీయా, పచ్చడికి తెచ్చారా?" అన్నాడు. దేవమ్మ సంచుల మీదే కూర్చుని వచ్చింది. జీపు దిగి, కింద పడ్డ పండ్లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది. ఆ సంచులతోనే బండి తిరిగి కొండెక్కేటప్పుడు, "ఊళ్లో నా మొకం ఎలా సూపించాల బాబూ?" అని అడిగింది.

ఆఫీసులో అందరి అభిప్రాయం ఒక్కటే: శిక్షణ చాల్లేదు, మళ్లీ ఇవ్వాలి. ఎర్ర పండు బొమ్మా ఆకుపచ్చ కాయ బొమ్మా ఉన్న పోస్టర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. పత్రికలో ఉన్నప్పుడు మా పాత బ్యూరో ఇన్‌చార్జి ఒక మాట అంటుండేవాడు: ఆఫీసులో కూర్చున్న అందరికీ ఒకే కారణం తోచిందంటే ఇంకా ఎవరినీ అడగలేదని అర్థం. మర్నాడు అప్పారావునీ పోస్టర్లనీ జీపెక్కించి జీలుగుమెట్ట వెళ్లాను.

ఊరంతా ఒక్క తోటలోనే ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియం తీగల మధ్య, ఆడా మగా వరసకట్టి కోస్తున్నారు. కొమ్మ మొదట్లో పట్టుకుని, ఆవు పొదుగు పిండినట్టు చివరిదాకా ఒక్క లాగు లాగేస్తున్నారు. పండూ కాయా ఆకూ బుట్టలో పడుతున్నాయి. మా భాషలో దీన్ని స్ట్రిప్పింగ్ అంటారు. చేయకూడదని చెప్పిందే ఇది.

"పండినవే ఏరమన్నాం కదమ్మా!" అన్నాడు అప్పారావు.

"ఏరతాం. మిగిలినవి తరవాత ఎవరు ఏరతారు? మీ అత్తోరా?" అంది ఒకామె, చెయ్యి ఆపకుండానే. తోటంతా నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు సంగతి తెలిసింది. అన్నం, కోడి కూర. అడ్డాకు విస్తళ్లలో అందరికీ సమంగా వడ్డించారు. ఆ రోజు ఆ ఇంటి వంతట. అక్కడ కూలికి కోయించుకోరు. ఒకరి తోటకి ఊరంతా వస్తుంది, రేపు ఇంకొకరి తోటకి వీళ్లు వెళ్తారు. వంతు వచ్చిన ఇల్లు వచ్చినవాళ్లందరికీ కోడి కోసి పెట్టాలి.

"పండినవి పండినట్టు ఏరాలని మీరేమో ఒక తోటని మూడు నాలుగు సార్లు కొయ్యాలన్నారు," అంది దేవమ్మ. "రెండోసారి పిలిత్తే రెండోసారి కోడి. మూడోసారికి మళ్లీ కోడి. కోళ్ల గూడు కాళీ అయిపోద్ది బాబూ. అందుకే ఒక్కపాలే దూసేత్తారు."

"కోడి పెట్టకపోతే రారా?" అని అడిగాను.

"ఎందుకు రారూ, వత్తారు. పెట్టలేదని మనకే సిగ్గు."

అప్పారావు చేతిలో పోస్టర్ల చుట్ట అలాగే ఉంది. దాన్ని విప్పలేదు. చేతులు కడుక్కుని వచ్చి, "కూర బాగుంది," అన్నాడు.

ఆ పంక్తి చివర సొన్నమ్మ అనే ముసలావిడ కూర్చుంది. ఆమెకి తోట లేదు, ఇంట్లో ఇంకెవరూ లేరు. ప్రతి ఇంటి వంతుకీ పిలుస్తారు, వస్తుంది, చేతనైనంత కోస్తుంది. తినగా మిగిలింది అడ్డాకులో పొట్లం కట్టి ఇస్తే రాత్రికి పట్టుకెళ్తుంది. ఆ రోజు ఆమెని నేను అంతగా గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే కళ్లం దగ్గర ఊరు కూడింది. దేవమ్మే ఎత్తుకుంది. వంతు ఇంటికి కాదు, కొండవాలుకి పెడదాం. ఒక వాలు మీద ఎన్ని ఇళ్ల తోటలుంటే అన్నీ ఒకే రోజు ఏరదాం, పండినవే ఏరి పక్క వాలుకి పోదాం. మళ్లీ తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇంకొన్ని పండుతాయి. ఎవరి అంబలి వాళ్లే తెచ్చుకోవాలి.

"అంబలా!" సింహాద్రి గొంతు లేచింది. "తాతల నాటి వంతుకి అంబలి పోత్తావేటే కోడలా?"

"మావా, కాఫీ మొక్క నువ్వు గుంటడిగా ఉన్నప్పుడు కదా నాటేరు. మీ తాత కాఫీ తాగేడా?"

"కాఫీ తాగలేదు. కోడి తిన్నాడు."

నవ్వులు ఆగడానికి కొంత సేపు పట్టింది. ఆయనా నవ్వాడు. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. కోడి చోళ్ల కోతది, అంటే రాగులది; సామల కోతది. ఆ పంట వస్తే ముందు కొత్త పండగ చేసి దేవతకి పెట్టి, ఆ తర్వాతే ఇంట్లో నోట పెడతాం. "కాఫీకి కొత్త పండగ సేత్తన్నామా? సెయ్యం. దేవతకి పెడతన్నామా? పెట్టం. మరి చోళ్ల కోడిని తెచ్చి దీనికెందుకు కోత్తన్నాం?" అప్పుడన్నాడు, మొదట్లో నేను రాసిన మాట.

వెనక నుంచి సొన్నమ్మ అడిగింది. "మరి తోట నేనోళ్లు ఏటి తింతారు?"

"సూద్దాంలే అప్పా," అన్నాడు సింహాద్రి. అందరూ లేచారు.

అంతా నున్నగా జరిగిపోలేదు. మొదటి వాలు దగ్గరే ఎవరి పండు ఎవరిదని గొడవైంది. ఇంటికో రంగు తాడు ఇచ్చి సంచులు కట్టించాక సద్దుమణిగింది. ఒకాయన నాలుగు రోజులు అలిగి తన తోట తనే కోసుకున్నాడు. అయినా తర్వాతి జీపు వచ్చినప్పుడు అప్పారావు సంచి విప్పి పోస్తే టార్పాలిన్ ఎర్రబడింది. ఒంగి చేత్తో కలిపి చూశాడు. అడుగున దొరికిన ఒకే ఒక్క పచ్చి కాయని పట్టుకుని, "ఇది మాత్రం పచ్చడికే తెచ్చావు కదా అప్పా?" అని దేవమ్మని అడిగాడు. "నీకు పని నేకుండా పోద్దని ఏసేను," అంది ఆవిడ. మిగతా రెండు ఊళ్లూ ఇదే పద్ధతికి వచ్చాయి. కొనుగోలుదారు కొనసాగించాడు. యూనిట్ ఇప్పటికీ నడుస్తోంది. పండిన పండుకి సంతలో కంటే మంచి ధర వస్తోంది. ఇచ్చేసిన చేతి మరల గురించి దేవమ్మని ఇప్పుడు ఎవరూ అడగరు.

మార్పు కోసం మేం వేసుకున్న ప్రణాళికలో యంత్రం ఉంది, రవాణా ఉంది, శిక్షణ ఉంది. మధ్యాహ్నం భోజనం లేదు. పని పద్ధతి మార్చేముందు ఆ పద్ధతిలో జనం ఎక్కడ కూర్చుని ఏం తింటున్నారో, ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూసి రావాలని అక్కడ నేర్చుకున్నాను. పాత పద్ధతిలో పైకి కనిపించేది ఒక్క పనే. లోపల నాలుగు పనులు చేసిపెడుతుంటుంది. మనం ఒకదానికి బదులు చూపించి మొత్తం తీసేస్తాం.

సొన్నమ్మకి యూనిట్‌లో గింజ ఏరే పని ఇచ్చాం. కొన్నాళ్లు జీపులో వచ్చి మానేసింది. మోకాళ్ల నొప్పులేమో అనుకుని అడగడానికి వెళ్లాను. "కాళ్లు బాగానే ఉన్నాయి బాబూ," అంది. "నాను కూలికెల్లే మనిషిని కాదు. పిలిత్తే ఎల్లేదాన్ని."

దేవమ్మ ఇంటి నుంచి ఆమెకి గిన్నెడు కూర వెళ్తూనే ఉంది. కానీ వంతు ఇంటిది అయినప్పుడు పిలవడానికి ఒక ఇల్లు ఉండేది. ఇప్పుడది కొండవాలుది. ఈ సీజన్‌లో మొదటి విడత కోత వచ్చే వారం మొదలవుతుంది. సొన్నమ్మని ఎవరు పిలవాలన్నది ఇంకా తేలలేదు.