చిన్నక్క తోమిన దెనారు

ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని, చిన్నక్క పనిమనిషి. రాయచోటి పక్క మనిషి. వెండి నల్లబడి కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. ఊళ్లో దీపపు కుందుల్ని విబూదితో రుద్ది మెరిపించిన చెయ్యి. అదే కొంప ముంచింది.

ఇంటాయనను బాబా అంటాం, ఇంటావిడను మామా అంటాం. బాబా పాత నాణేలు పోగేస్తాడు. ఆయనకు ప్రాణం ఒక హంగరీ దెనారు. ఇక్కడి దీనారు కాదు. ఆరేడు వందల ఏళ్ల కిందట లాయోష్ అనే రాజు కొట్టించిన వెండి నాణెం. చొక్కా గుండీ అంత ఉంటుంది, కాగితంలా పలచన. ఒక వైపు రెండు అడ్డగీతల సిలువ, రెండో వైపు ఒక మనిషి తల. దాన్ని సారసెన్ తల అంటారట, అంటే అరబ్బు తల అన్నట్టు. ఎక్కడో యూరపు రాజు నాణెం మీద తమవాడి మొహం ఉందని బాబాకు గొప్ప. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

ఆ రోజు బాబా గదిలో బల్ల తుడుస్తూ చిన్నక్క దాన్ని తోమేసింది. నలుపు పోయింది. తలకు ముక్కూ పోయింది.

తెచ్చి నాకు చూపించింది. ఫోన్‌లో వెతికాను. పాత నాణేన్ని తోమకూడదు, ఆ నలుపుతోనే దానికి విలువ అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. ఆమె మొహం పాలిపోయింది. వచ్చే నెల ఇఖామా రెన్యువల్, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం. ఈ ఇంట్లోంచి పంపించేస్తే కూతురి నర్సింగు చదువు ఆగిపోతుంది. సాయంత్రం బాబా స్నేహితులు వస్తారు, నాణెం అడుగుతారు.

నోరు మూసుకో, ఇంట్లో ఇంకో పనిమనిషి ఉంది కదా, ఆ ఫిలిప్పీన్ పిల్ల మీదికి పోనీ అన్నాను.

“ఆ పిల్లకు మాత్రం ఇఖామా ఉండొద్దా అబ్బీ?” అంది.

మధ్యాహ్నమంతా ఆమె మనిషి మనిషిలా లేదు. చాయ్‌లో ఉప్పేసి మామా చేత తిట్లు తినింది. బాబా గది దాకా వెళ్లడం, వెనక్కి రావడం. చివరికి నన్ను తలుపు దగ్గర నిలబెట్టి లోపలికి పోయింది. వచ్చిన ముక్కల అరబ్బీలో తానే చేశానని చెప్పింది. బాబా భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. దేంతో రుద్దావన్నాడు. విబూది పొట్లం చూపించింది. వాసన చూసి పక్కన పెట్టాడు. ఈ గదిలోకి ఇక అడుగు పెట్టొద్దన్నాడు.

“ఇఖామా, బాబా?”

“అది మామా చూసుకుంటుంది. నువ్వు వెళ్లు.”

ఆ సాయంత్రం నాణెం బయటికి రాలేదు. నెల తిరిగేసరికి ఇఖామా వచ్చింది. చిన్నక్కకు మాత్రం గుండె కుదుటపడలేదు. నిన్న మాడిన అన్నం గిన్నె పట్టుకుని మామా గది ముందు నిలబడింది, తోమమంటారా వద్దంటారా అని.