అరచేతి లివర్

కరోనా తగ్గాక వచ్చిన రెండో వానాకాలంలో, జూలై మొదటి వారం, మా మేనేజరు నా బల్ల మీద ఒక జాబ్ కార్డు పెట్టాడు. ‘వాహనం’ అన్న గడిలో ‘ఏటీవీ, ఫోర్ వీల్ డ్రైవ్, పాతది’ అని ఉంది. ‘పని’ అన్న గడిలో ‘పూర్తి మరమ్మతు, గుట్టల దారికి తగిన మార్పులు’ అని ఉంది. అప్పటికి నేను సోలాపూర్‌లో, కుంఠా నాకా దగ్గరి ఒక ప్రైవేటు మోటారు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. జీపులు, ట్రాక్టర్లు, టెంపోలు విప్పి బిగించిన చేతులే గాని, ఏటీవీని అంతకు ముందు ముట్టుకున్నది లేదు.

చూడనివారి కోసం రెండు మాటలు. ఏటీవీ అంటే నాలుగు లావుపాటి చక్రాల మీద నిలబడ్డ మోటారు సైకిలు లాంటి బండి. జీనెక్కినట్టు కూర్చుని హ్యాండిల్ పట్టుకుని నడపాలి. రాళ్లలో, ఇసుకలో, బురదలో వెళ్లడానికే దాన్ని చేశారు. మా వర్క్‌షాపు కుర్రాళ్లు మొదటిరోజే దానికి ‘చార్‌చాకి’ అని పేరు పెట్టారు. మరాఠీలో నాలుగు చక్రాలదని అర్థం. ఎంత పని చేసినా ఆ పేరు మాత్రం మార్చలేకపోయాను.

బండి రాజేశం సేట్‌ది. దాజీ పేట్‌లో ఆయనకు తువ్వాళ్లు నేసే మరమగ్గాల షెడ్డు ఉండేది. ఇక్కడి తెలుగువాళ్లం మరమగ్గాన్ని సాంచ అంటాం. కరోనాలో ఆగిన సాంచలు మళ్లీ లేవలేదు. సేట్ వాటిని పాత ఇనుముకు అమ్మేసి, ఊరవతల రాళ్ల గుట్టలు లీజుకు తీసుకున్నాడు. పుణె నుంచి వచ్చేవాళ్లను ఏటీవీ మీద గుట్టల్లో తిప్పాలని ఆయన ఆలోచన. ముందుగా మూతబడ్డ ఒక రిసార్టు నుంచి ఈ ఒక్క బండిని కొన్నాడు. దాన్ని నడిపి దారి చూపించడానికి తన షెడ్డులో ముప్పై ఏళ్లు సాంచ నడిపిన అంబాదాసును పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడంలో దయ కూడా కొంత ఉంది. ఆ మాట ఇప్పుడు చెప్పకపోతే తర్వాత చెప్పేదాంట్లో ఆయనకు అన్యాయం జరుగుతుంది.

అంబాదాసు మా వాడకట్టు వాడే. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. షెడ్డు మూతబడ్డాక ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య బాలమణి బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది.

పని చెబుతాను. మా పద్ధతిలో ముందు బండిని కడగకుండా చూస్తాం. ఎక్కడ నూనె కారిందో మురికే చెబుతుంది. ముందు చక్రాల మధ్య గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, నట్టు విప్పితే పాలచాయలాంటి నూనె వచ్చింది. అంటే లోపలికి నీళ్లు పోయాయి. ఏదో వాగులో దించి, అలాగే నిలబెట్టేశారు. ముందు చక్రాలకు శక్తి తీసుకెళ్లే ఇరుసుల మీది రబ్బరు తొడుగులు రెండూ చిరిగాయి. చక్రాల బేరింగులు తుప్పు పట్టి తిరగలిలో బియ్యం విసిరినట్టు చప్పుడు చేస్తున్నాయి. కార్బురేటరులో పాత పెట్రోలు బంకలా గట్టిపడింది. డ్రైవు బెల్టు అంచులు పీచు తేలాయి. ఇంజను మాత్రం, కంప్రెషన్ పెట్టి చూస్తే, బాగుంది. గుండె బాగుండి కీళ్లు పోయిన మనిషి అనుకోండి.

డిఫరెన్షియల్ పూర్తిగా విప్పి సీళ్లు, బేరింగులు మార్చాం. ఫోర్ వీల్ బటన్ నొక్కితే ముందు చక్రాలు పట్టుకునేలా చేయడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత మార్పులు. బండి కడుపు కింద రాళ్లు తగలకుండా మందపాటి అల్యూమినియం పలక వేశాం. నీళ్లలో దిగినా ఇంజను మింగకుండా గాలి తీసుకునే గొట్టాన్ని హ్యాండిల్ ఎత్తుకు లేపాం. లోతు గాడుల టైర్లు తెప్పించాం. ఎరుపు తాడు ఒకటి పెట్టాం. దాని ఒక కొస ఇంజను స్విచ్చుకు, ఒక కొస నడిపేవాడి మణికట్టుకు. మనిషి కింద పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఒక్కొక్క పని అయ్యాక జాబ్ కార్డులో ఫిట్టర్ సంతకం, దాని కింద అతని పైవాడైన చార్జ్‌మన్ సంతకం. అన్నీ అయ్యాక బండి గేటు దాటాలంటే రిలీజ్ స్లిప్పు మీద ఫోర్‌మన్ సంతకం. అది లేకుండా మేనేజరు చెప్పినా వాచ్‌మన్ గేటు తీయడు. నాకు ఆ సంతకం మీద గర్వం ఉండేది. ఇప్పుడు దాచడమెందుకు.

సెప్టెంబరులో హ్యాండిల్ ఎత్తు సరిచూడటానికి అంబాదాసును పిలిపించాను. ఎక్కి కూర్చున్నాడు. యాక్సిలరేటర్ నొక్కమంటే నొక్కలేకపోయాడు. ఏటీవీకి మోటారు సైకిలులా పిడి తిప్పేది ఉండదు. కుడి పిడి పక్కన చిన్న లివర్ ఉంటుంది, దాన్ని బొటనవేలితో ముందుకు నెట్టాలి. అంబాదాసు కుడి బొటనవేలు చాలా ఏళ్ల కిందట సాంచ గేర్లలో నలిగింది. అప్పట్నుంచి అది కర్రలా బిగుసుకుపోయింది, వంగదు. ఈ సంగతి నాకు తెలుసు, సేట్‌కు తెలుసు, అతనికీ తెలుసు. ముగ్గురిలో ఒక్కడికీ ముందు తట్టలేదు.

“రానోణ్ని పెట్టుకోని నేనేం జేత్త ఫోర్‌మన్? ఇంకొకల్ని చూసుకుంట. నాకు అంబాదాసుతోని దుష్మనీ ఏం లేదు” అన్నాడు సేట్. కోపంగా అనలేదు.

మర్నాడు పొద్దున బాలమణి మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది. “అన్నా, రెండేండ్ల సంది ఇంట్లనే కూసున్నడు. ఎవ్వలతోని మాట్లాడ్తలేడు. మీ బండి ఎక్కొచ్చిన దినం అన్నం రెండుసార్లు పెట్టించుకున్నడు. జర ఏమన్న జుగాడ్ చెయ్యున్రి” అంది. అంతకన్నా ఎక్కువ అడగలేదు. చేస్తానన్నాను.

దారులు మూడు కనిపించాయి. పిడి తిప్పే రకం పెట్టడం ఒకటి. గుంతల్లో ఒళ్లు వెనక్కి ఊగితే చెయ్యి దానంతట అది తిరిగి బండి దూకుతుంది కాబట్టి వద్దనుకున్నాను. లివర్‌ను ఎడమ చేతికి మార్చడం రెండోది. దానికి బ్రేకు పిడి, కేబుళ్లు అటూ ఇటూ మార్చాలి, సామాను రావడానికి నెల పడుతుంది. సేట్ దసరాకు మొదలుపెడతానని పట్టుబట్టాడు. మూడోది నేను కనిపెట్టాను. లివర్ కొనకు అరచెయ్యంత ఉక్కు రేకు అతికి, అంచులు నున్నగా రాసి, రబ్బరు అంటించాను. ఇక వేలితో పని లేదు, అరచేతి అడుగుభాగంతో ముందుకు తోస్తే చాలు. వదిలితే స్ప్రింగు వెనక్కి లాక్కుంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. రెండు రోజులు వచ్చినవాడికల్లా దాన్ని చూపించాను.

అంబాదాసు ఎక్కి తోసి చూశాడు. “మస్తున్నది అన్నా. చేతికి అలవాటైనట్టే ఉన్నది” అన్నాడు. ఆ మాట విని సంతోషపడ్డాను. ఎందుకు అలవాటైనట్టుందో ఆలోచించలేదు. వర్క్‌షాపు వెనక మైదానంలో ఆరు రోజులు ట్రయల్ చేయించాను. ఎత్తు, పల్లం, మలుపు, నీళ్ల గుంత. చెయ్యి నొప్పి పెడుతోందా అని అడిగాను. రేకు దూరమవుతోందా అని అడిగాను. జారుతోందా అని అడిగాను. లేదన్నాడు. రిలీజ్ స్లిప్పు మీద సంతకం పెట్టాను.

దసరా పోయిన తొమ్మిదో రోజు పొద్దున, సేట్ మనుషులు రాకముందే, దారి చూసి వద్దామని అంబాదాసు ఒక్కడే గుట్ట ఎక్కాడు. దిగేటప్పుడు మలుపులో మేకలు అడ్డమొచ్చాయి, వాటి వెనక ఒక ముసలావిడ. బండి ఆగలేదు, ఇంకా వేగంగా దూకింది. ఆమెను తప్పించడానికి హ్యాండిల్ తిప్పేసి, పక్కనున్న పాత మొరం గుంతలో పడ్డాడు. ఆమెకు ఏమీ కాలేదు. బండి అతని నడుం మీద పడింది. సీటు వదలలేదు కాబట్టి ఎరుపు తాడు పడేదాకా ఊడలేదు.

సాయంత్రం బండిని టెంపోలో తెచ్చారు. నియమం ప్రకారం నేనే పరీక్ష చేశాను. బ్రేకులు పనిచేస్తున్నాయి. కేబులు ఎక్కడా ఇరుక్కోలేదు. రేకు వంగలేదు, స్ప్రింగు వెనక్కి లాగుతోంది. ప్రమాద నివేదికలో ‘యాంత్రిక లోపం: లేదు’ అని రాశాను. కింద ‘కారణం’ అన్న గడి ఉంది. లోపం లేకపోతే ఆ గడిలో రాసేది ఒక్కటే, ముప్పై ఏళ్లుగా అందరం రాసేదే. ‘నడిపినవాడి పొరపాటు’ అని రాసి సంతకం చేశాను. మనిషిని చూడకముందే చేశాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాను. కటి ఎముక రెండు చోట్ల విరిగిందన్నారు. బాలమణి మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. అంబాదాసు పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

“నేను బంద్ చేసిన అన్నా. మేకలు గనవడంగనే బంద్ చేసిన. చేత్తోని నూకిన. ఆగలే. ఇంక గట్టిగ నూకిన.”

నూకిన అన్నప్పుడు అతని కుడి అరచెయ్యి దుప్పటి మీద ముందుకు కదిలింది. మంచం పక్కన నిలబడ్డ నా చెయ్యీ దానంతట అదే కదిలింది. అప్పుడు అర్థమైంది.

సాంచ నడుస్తున్నప్పుడు దాని పిడి ఒక గాడిలో ఇరుక్కుని ఉంటుంది. దారం తెగినా, పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఎగిరినా, పక్కవాడు అరిచినా, నేసేవాడు చూడకుండానే అరచేత్తో పిడిని ఒక్క తోపు తోస్తాడు. గాడిలోంచి బయటపడి సాంచ ఆగుతుంది. అంబాదాసు సాంచలకు పిడి కుడిపక్కన. ముప్పై ఏళ్లు, రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు, అతని కుడి అరచేతికి తోయడమంటే ఆపడమే. నేను అదే అరచేతి కింద అదే ఎత్తున రేకు పెట్టి, తోస్తే పరిగెత్తేలా చేశాను. మైదానంలో భయం లేదు కాబట్టి చెయ్యి కొత్త పాఠం గుర్తుంచుకుంది. మేకలు కనబడగానే పాత పాఠం చేసింది. పుణె నుంచి ఏ కుర్రాణ్ని తెచ్చినా ఈ పొరపాటు చేయడు. దీనికి నేతగాడే కావాలి. నేను నేతగాడి కొడుకుని. పదహారేళ్ల దాకా మా నాన్న పక్కన నిలబడి ఆ పిడి తోసినవాణ్ని. సోలాపూర్‌లో ఏ ఫోర్‌మన్‌కు తట్టకపోయినా నాకు తట్టాలి.

అక్కణ్నుంచి నేరుగా వర్క్‌షాపుకు వెళ్లి రెండో నివేదిక రాశాను. ‘కారణం: ఫోర్‌మన్ చేసిన లివర్ మార్పు’. మేనేజరు చదివి కాగితం నా వైపు తోశాడు. “ఒకసారి సంతకం పెట్టినంక మల్ల ఇంకోటి ఎట్ల ఇస్తరు? వర్క్‌షాపు మాటకు విలువుంటదా?” అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకూ తెలుసు. అయినా కాగితాలు తీసుకునే ఇన్‌వార్డులో ముద్ర వేయించి, ఒక ప్రతి సేట్ ఇంటికి నేనే తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివాడు. ఆసుపత్రి సంగతి తను చూసుకుంటానన్నాడు, చూసుకున్నాడు. బండిని మాత్రం ఆ నెలలోనే అమ్మేశాడు. గుట్టల లీజు వదిలేశాడు. నా చేతి నుంచి రిలీజ్ సంతకం తీసి చార్జ్‌మన్‌కు ఇచ్చారు. మిగిలిన కాలమంతా స్టోరు రిజిస్టరు చూసుకుంటూ రిటైరయ్యాను. అందులో నాకు ఫిర్యాదు లేదు.

అంబాదాసు ఏడు నెలలకు లేచాడు. కర్ర లేకుండా నడవలేడు. ఎక్కడా పనికి పోలేదు. నేను రెండో నివేదిక పట్టుకెళ్లి, అతని పక్కన కూర్చుని, సాంచ పిడి సంగతి, రేకు సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. అంతా విన్నాడు.

“అట్ల గాదన్నా” అన్నాడు. “నా చెయ్యే ఖరాబున్నది. ముందుగాలనే కాయిదం మీద రాసి ఉన్నదట గద. సేట్ మనుషులు బాలమణికి చదివి చెప్పిండ్రు.”

ఆ మొదటి కాగితం రాసింది నేనేనని అతనికి తెలుసు. అందుకే నమ్మాడు. ఫోర్‌మన్ సంతకం పెట్టాడంటే నిజమే అయి ఉంటుందని మా పేటలో అందరికీ నమ్మకం. నేను తర్వాత చెప్పిన మాటలను తను బాధపడకుండా ఉండటానికి చెప్పిన మాటలనుకున్నాడు. ఇంకా రెండుసార్లు ప్రయత్నించాను. ఇప్పటికీ తన చెయ్యి మోసం చేసిందనే అనుకుంటున్నాడు. టీ గ్లాసు కూడా ఎడమ చేత్తో పట్టుకుంటాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. ఒక మనిషి కోసం యంత్రాన్ని మార్చేటప్పుడు, నెమ్మదిగా ఉన్నప్పుడు అతని చెయ్యి ఏం చేయగలదో మనం చూస్తాం. భయపడితే ఏం చేస్తుందో అడగం. అతను అంతకు ముందు ఏ పని చేశాడు, ఆ పనిలో ప్రమాదం వస్తే ఒళ్లు ఎటు కదిలేది అన్నది ముందు అడగాలి. జాబ్ కార్డులో దానికి గడి లేదు. మనిషితో మాట్లాడకముందే ‘కారణం’ గడి నింపకూడదన్నది రెండోది. నేను రెండూ తప్పాను. మొదటి తప్పు అతని నడుం విరిచింది, రెండోది అతని చెయ్యి మీద అతనికున్న నమ్మకాన్ని తీసేసింది. విరిగిన ఎముకను డాక్టర్లు అతికించారు.