హనుమక్క కుప్ప

పిల్లలూ, నేను గొంతు పెంచే మనిషిని కానని మీకు తెలుసు. ఈ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. కొంగులో ఒక రాయి మూటగట్టుకుంది.

"హనుమక్క కుప్పకి టికెట్ ఇయ్యప్పా."

"ఆ పేరు మిషన్లో లేదవ్వా. లేఅవుట్ స్టాపు అని ఉండాది" అన్నాడు కండక్టర్.

"మిషన్లో లేకుంటే నీ నోట్లో గూడా లేదా?"

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"గొర్రెలు కాసేటోళ్లకి సంగటి మోసకపోతా హనుమక్క ఆడ్నే దప్పికతో సచ్చిపోయిందంటక్కా. దావన పోయే ప్రతి మనిషీ ఆయమ్మకి ఒక రాయి ఏసేటోళ్లు. ఆ కుప్పతోనే పేరొచ్చింది. ప్లాట్లోళ్లు జేసీబీతో ఎత్తి పారేసినారు."

ఆమె దిగి, లేఅవుట్ ఆర్చి కింద రాయి పెట్టింది. వాచ్‌మన్ దాన్ని తన్నాడు. ఆమె తెచ్చి మళ్లీ పెట్టింది. మళ్లీ తన్నాడు. బస్సు కదిలిపోయింది.

ఆమెను మళ్లీ చూడలేదు. మొన్న ఆ దారినే పోతూ హనుమక్క కుప్పకే టికెట్ అడిగాను. కండక్టర్ ఆ పేరు పలికేదాకా వదల్లేదు. దిగి, ఆ ఆర్చి కిందే నా రాయి పెట్టాను. అదే వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఇప్పుడు తన్నప్పా, చూస్తా" అన్నాను, మెల్లగానే.