కొలువెక్కిన మరమనుషులు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు వచ్చేసిన తరవాతి సంగతే, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో దానికి లొంగిపోయేవాళ్ళు. ఒకడు బైకుకి, ఒకడు బిర్యానీకి, ఇంకొకడు పక్క సీట్లో అమ్మాయికి. నేను జానెడు పొడుగు ప్లాస్టిక్ మరమనుషులకి లొంగిపోయాను. జపాను వాళ్ళ కార్టూన్లలో కొండంత రోబోలు ఆకాశంలో కత్తియుద్ధాలు చేసుకుంటూ ఉంటాయి చూడండి, వాటికి బుల్లి రూపాలన్నమాట. (ఎవరైనా అడిగితే మా నాన్న "మావాడు ఆఫీసు పనిమీద ఏవో మోడల్స్ తయారుచేస్తుంటాడండీ" అనేవారు. పెళ్ళి కావలసిన కొడుకు బొమ్మలతో ఆడుకుంటున్నాడని చెప్పుకోవడం ఏ తండ్రికైనా కష్టమే.)

ఈ బొమ్మ బొమ్మలా రాదు. పెట్టె తెరిస్తే కిటికీ ఊచల్లాంటి ప్లాస్టిక్ చట్రాలు, వాటికి కాయల్లా వేలాడే ముక్కలు. కొన్ని ఆవగింజంత. కూడా వచ్చే చిన్న పుస్తకం జపాను భాషలో ఉంటుంది, బొమ్మలు చూసి మనమే అర్థం చేసుకోవాలి. ముక్కని కత్తిరించి, గరుకు తీసి, ఒకదాన్లో ఒకటి పెట్టి నొక్కితే టక్‌మని కూర్చుంటాయి. జిగురక్కర్లేదు, మేకులక్కర్లేదు. మొదటిసారి ఒక మోకాలు బిగించి వంచి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. లోపల ఎముకలాంటి ముక్క ఉంది. దానిమీద కండలాంటిది, ఆపైన కవచం. కవచం తొడిగాక లోపలి ఎముక ఎవరికీ కనిపించదు. అయినా ఎక్కడో సముద్రాల అవతల ఒక మనిషి కూర్చుని, ఎవరూ చూడని ఆ ఎముకకి కూడా సన్నటి గీతలు చెక్కాడు. ఎందుకు చెక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పూట అన్నం తినడం కూడా మరిచిపోయి ఆ మోకాలినే వంచుతూ, చాపుతూ కూర్చున్నాను. అమ్మ వచ్చి చూసి, "ఒరేయ్, నీ మోకాళ్ళు ఎప్పుడైనా అలా వంచావురా? గుమ్మం ముందు ముగ్గు తొక్కకుండా నడవడం రాదు గానీ!" అంది. ఆవిడ వాటికి 'ఇనప పురుగులు' అని పేరు పెట్టింది. హాల్లోకి రానిచ్చేది కాదు, నా గదిలో బీరువాలోనే వాటి కాపురం.

అలా ఉండగా దసరాకి కొద్ది రోజుల ముందు మెట్టుగూడ అద్దె ఇంట్లోంచి యాప్రాల్‌లో సొంత ఫ్లాటుకి మారాం. మా అమ్మది తణుకు దగ్గర. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన మట్టిబొమ్మల ట్రంకు పెట్టె ఆవిడ ఆస్తి. ఏటా దసరాకి మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టవలసిందే. కొత్త ఇంట్లో మొదటి కొలువు కదా అని ఇల్లు మారకముందే అపార్ట్‌మెంటులో ఆడవాళ్ళందరినీ పేరంటానికి పిలిచేసింది. తీరా సామాను దింపేటప్పుడు ఆ ట్రంకు పెట్టె లారీ మీంచి జారింది. మూత తెరిచి చూస్తే కొండపల్లి ఎడ్లబండి బాగానే ఉంది, అది చెక్కది. దశావతారాల్లో చేప, తాబేలు మాత్రం క్షేమంగా దిగాయి, తక్కిన అవతారాలన్నీ దారిలోనే చాలించేశాయి. పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు, కిరాణా కొట్టు దంపతులు లేరు. అమ్మ ఏడవలేదు. లారీ వాళ్ళకి కాఫీ కలిపి ఇచ్చింది. ఆ కాఫీలో పంచదార వెయ్యలేదు. మా అమ్మ చేతి కాఫీలో పంచదార లేకపోవడం నా ఎరుకలో అదే మొదలు. నాన్నా, నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

మర్నాడు ఆవిణ్ణి మోండా మార్కెట్‌కి తీసుకెళ్ళాను. బంతిపూలు దొరికాయి, మామిడాకులు దొరికాయి, తమలపాకులు కట్టలు కట్టలు దొరికాయి. బొమ్మలు మాత్రం కీ ఇస్తే తప్పెట కొట్టే కోతి తప్ప ఏమీ లేవు. అమ్మ ఆ కోతిని కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి, తిరిగి ఇచ్చేసింది.

పేరంటం రోజు మధ్యాహ్నం, పట్టుచీర పరిచిన మెట్లమీద ఎడ్లబండి, చేప, తాబేలు ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయాక మిగిలినవాటిలా ఉన్నాయి. నాన్న "పేరంటం వచ్చే ఏడు పెట్టుకోవచ్చుగా" అనబోయి అమ్మ మొహం చూసి, దగ్గుగా మార్చేశారు. అమ్మ నా గదిలోకి వచ్చింది. బీరువా తెరిచింది. తెల్లకవచంవాడు, ఎర్రకవచంవాడు, నుదుటి మీద బంగారు కొమ్ములవాడు, వీపుకి రెక్కలున్నవాడు, అందరినీ తేరిపార చూసింది.

"ఇవి కూర్చుంటాయా?"

"అమ్మా!"

"కూర్చుంటాయా, కూర్చోవా? అది చెప్పు."

కూర్చోబెట్టాను. పద్మాసనం వేయించమంది, వేయించాను. కత్తులు తీసేయమంది. దండం పెట్టించమంటే వేళ్ళు ఒక్కొక్కటే వంచి దండం పెట్టించాను. తీరా చూస్తే మెట్లన్నీ నిండిపోయి, దీపాల వెలుగు కవచాల మీద పడి, నా గదిలో ఎన్నడూ కనబడని కళ ఏదో వచ్చింది వాటికి. నేను చేసినవేనా అనిపించింది.

సాయంత్రం ఆడవాళ్ళు రావడం మొదలెట్టాక నన్నూ, నాన్ననీ పడగ్గదిలోకి తరిమేశారు. తలుపు సందులోంచి చూస్తున్నాను. కిందింటి ఆంటీ, ఆవిడ అత్తగారు ఒక అవ్వ, ముందుగా వచ్చారు. వాళ్ళది సిద్దిపేట వైపు.

"మా దిక్కు బతుకమ్మనే పేరుస్తం అక్కా, గీ బొమ్మల సంగతి నాకు ఎర్కలేదు," అంది కిందింటి ఆంటీ. "గీయన ఏ అవతారం?"

కొమ్ములవాడి పక్కన నిలబడి మా అమ్మ రెప్ప వెయ్యకుండా చెప్పింది. "ఇంకా రాలేదమ్మా. రావలసిన అవతారం."

నా వెనక మంచంమీద నాన్న తలగడలో మొహం దాచుకున్నారు. నేను మాత్రం నోరు తెరిచి అమ్మనే చూస్తున్నాను. ఆవిడ అంతటితో ఆగలేదు. రెక్కలవాడికి ఒక కథ, ఎర్రవాడికి ఒక శాపం అక్కడికక్కడే కట్టి చెబుతోంది. అవ్వ ముందుకు వంగి, మనవడి చెయ్యి నిమిరినట్టు తెల్లకవచంవాడి చెయ్యి నిమిరింది. చెయ్యి టుక్కున ఊడి ఆవిడ గుప్పిట్లోకి వచ్చేసింది.

కిందింటి ఆంటీ కంగారుగా ముందుకొచ్చింది.

"అయ్యో అత్తమ్మా, ఏం జేసినవ్!"

"నేనేం జెయ్యలే బిడ్డా. జెర ముట్టుకున్న, అంతే."

అమ్మ మొహం పాలిపోయింది. ట్రంకు పెట్టె మూత తెరిచినప్పటి మొహం అది. ఇక ఆగలేక బయటికి దూకాను. పట్టుపంచె కాళ్ళకి అడ్డంపడి దాదాపు అవ్వ పాదాల మీదే పడ్డాను. (ఆవిడ "దీర్ఘాయుష్మాన్‌భవ" అంది కూడా.) లేచి ఆ చెయ్యి తీసుకుని భుజం దగ్గర పెట్టి నొక్కాను. టక్. వంచి చూపించాను, చాపి చూపించాను.

"అరె! అతికిందా?" అంది ఎవరో.

"మంచిగైండు!" అంది అవ్వ. ఆ తరవాత చీర కాస్త పైకెత్తి, "నా మోకాలు సుత గిట్లనే తీసి పెట్టరాదు బిడ్డా, మస్తు పరేషాన్ జేస్తున్నది."

హాలు నవ్వులతో దద్దరిల్లింది. అసలు ఇవన్నీ ముక్కలుగానే వస్తాయంటే ఎవరూ నమ్మలేదు. దాచుకున్న చిన్న పెట్టె ఒకటి తెచ్చి అక్కడే విప్పాను. హ్యాండ్‌బ్యాగుల్లోంచి గోళ్ళు తీసుకునే కత్తెరలు బయటికొచ్చాయి. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని, చిక్కుడుకాయలు బాగుచేసినట్టు కబుర్లు చెప్పుకుంటూ ముక్కలు వేరుచేశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. అవ్వ ముక్కల్ని రంగుల వరసన, బతుకమ్మకి పూలు పేర్చినట్టు పేర్చి పెట్టింది. నేను ఒకటీ ఒకటీ అందుకుని నొక్కుతుంటే కాళ్ళొచ్చాయి, నడుమొచ్చింది, ఛాతీ వచ్చింది. తల మాత్రం అమ్మ పెడతానంది. పెట్టింది. చెయ్యి తీసేసరికి వాడు తన కాళ్ళమీద తాను నిలబడ్డాడు. పాట ఆగిపోయింది. అంతమంది మధ్య ఒక్క గాజు చప్పుడు లేదు.

"ఇది పగలదా?" అని అమ్మ మెల్లిగా అడిగింది.

"ఊడుతుంది గానీ పగలదమ్మా. మళ్ళీ పెట్టుకోవచ్చు."

అప్పుడు ఏడ్చింది. వాళ్ళమ్మ బొమ్మల గురించి, పెళ్ళికూతురి మెడలో వాళ్ళమ్మ స్వయంగా వేసిన పచ్చరంగు గొలుసు గురించి, నిన్నగాక మొన్న పరిచయమైన ఆడవాళ్ళకి చెప్పుకుని ఏడ్చింది. అవ్వ ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ తరవాత ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియని ఆ కాస్త ఖాళీలో, నేను ఉపన్యాసం అందుకున్నాను. లోపలి ఎముక గురించి, ఎవరూ చూడని గీతల గురించి, మోకాలి మడత గురించి, నాకున్న విజ్ఞానమంతా ధారపోశాను. ఒక్కరు కదిలితే ఒట్టు! కళ్ళార్పకుండా విన్నారు. అంత గొప్ప సభ తరవాత నాకు మళ్ళీ దొరకలేదు. ఆఫీసులో ఎన్ని మీటింగుల్లో మాట్లాడినా, నా ముందున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నప్పుడల్లా ఆ సాయంత్రమే తలుచుకుని ధైర్యం తెచ్చుకునేవాణ్ణి.

మొన్నీమధ్య ఆ మాటే అమ్మతో అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది. "పిచ్చి వెధవా, ఏడుపులో పడి నేనింకా శనగలూ తాంబూలం ఇవ్వలేదురా. తీసుకోకుండా లేచి వెళ్ళకూడదని కూర్చున్నారు వాళ్ళు."

"మరి అవ్వ నోరు తెరుచుకుని విందే!"

"ఆవిడకి కట్టుడు పళ్ళు కొత్త."

చాలాసేపు నవ్వుకున్నాను. పట్టుపంచె ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ప్లాస్టిక్ మోకాలు పైకెత్తి చూపిస్తూ, లోకమంతా తనలాగే ఆశ్చర్యపోతోందని నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ముద్దొచ్చాడు. తాంబూలాలు ఇంకాస్త ఆలస్యమై ఉంటే బాగుండేది. వాడింకా నడుము సంగతి ఎత్తనే లేదు.