పక్కింటి పెద్దమ్మ ఇచ్చిన జ్ఞానస్నానం

పోయిన ఆదివారం ఆదోని చర్చిలో మా తమ్ముని మనవడి జ్ఞానస్నానం కోసం తల్లిదండ్రులకూ, జ్ఞాన తల్లిదండ్రులకూ పాఠం చెబుతుంటే నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. పెద్దయ్యాక విశ్వాసం స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం పొందనివాళ్ళు జ్ఞానతండ్రిగా నిలబడవచ్చా, ఒక బిడ్డకు ఇద్దరు జ్ఞానతల్లులు ఉండవచ్చా అని ఒక్కొక్కరే అడుగుతుంటే, ఆ చిన్న వయసు గురువు, అదే ఫాదరు, ఓపికగా జవాబులు చెబుతూ, నడుమ తానే ఒక ప్రశ్న వేశారు. బిడ్డ ప్రాణం మీదికి వచ్చి, గురువు అందుబాటులో లేకపోతే జ్ఞానస్నానం ఎవరివ్వాలి? నేను చెయ్యెత్తాను. ముసలామెకు దాహమేస్తోందనుకున్నారేమో, నాకొక నీళ్ళ సీసా ఇప్పించి, ఎవరైనా ఇవ్వవచ్చని జవాబు తానే చెప్పి ముందుకు సాగిపోయారు. ఆ నీళ్ళు నేను ముట్టలేదు. నా ఈడువాళ్ళు మీరైనా వింటారని, అక్కడ చెప్పనివ్వని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో, నేతగాళ్ళ వీధిలో. మా నాన్నకు ఆదోని పత్తి మిల్లులో పని గనుక వారానికొకసారే ఇంటికి వచ్చేవాడు. ఆ వీధిలో క్యాథలిక్కులం మేమొక్కరమే. మా గోడకు ఆ పక్కనే ఉండే పెద్దమ్మది ఉరుకుంద ఈరన్న స్వామిని కొలిచే ఇల్లు, తెల్లారింది మొదలు ఆ ఇంట్లో మగ్గం చప్పుడే. మా అమ్మకు నొప్పులు వచ్చిన పొద్దు కాన్పు చేసింది ఆమే. మిట్టమధ్యాహ్నం నేను పుట్టాను గానీ ఏడవలేదట, ఒళ్ళంతా నీలంగా ఉందట. గురువేమో ఆదోనిలో, మా ఊరికి వచ్చేది నెలకొక్కసారి. అమ్మకు లేచి కూర్చునే ఓపిక లేదు, నేను పెద్దమ్మ చేతుల్లో ఉన్నాను. తాను మాటలు చెబుతుంటే మరొకరు నీళ్ళు పోస్తే అది చెల్లదని, పోసే మనిషే పలకాలని అమ్మ చిన్ననాడు నేర్చుకుంది. అందుకని ఆమెనే పోయమంది.

“మీ దేవుని మాట నా నోట్లోనుంచి వస్తే ఆయప్ప వింటాడా?” అని పెద్దమ్మ అడిగిందట.

“వింటాడులే అక్కా, తడవు సెయ్యొద్దు,” అన్నదట అమ్మ.

మా కుండ కాన్పుకే ఖాళీ అయింది. పెద్దమ్మ తన ఇంట్లోకి ఉరికి మగ్గం పక్కనుంచి చెంబు ముంచుకొచ్చి, అమ్మ ఒక్కొక్క మాటే అందిస్తుంటే, “పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిస్తున్నాను” అంటూ మూడుసార్లు నా తల మీద పోసింది. మూడోసారికి నేను ఏడ్చాను. ఆ ఏడుపు ఇప్పటిదాకా ఆపలేదని మా నాన్న అనేవాడు, ఆ మాట నాకింకా గుర్తుంది.

నెల తిరిగాక వచ్చిన గురువు సంతోషించి, నూనె పూసి, తెల్లబట్ట కప్పి, మిగిలిన క్రియలు ముగించి, ఆదోనిలోని జ్ఞానస్నానాల పుస్తకంలో నా పేరు రాయమని, తాను లేనప్పుడు ప్రార్థనలు నడిపే ఉపదేశికి చెప్పిపోయారు. ఆ ఉపదేశి రాయలేదు. నేతగాళ్ళ ఇంట్లో మగ్గం పక్కన రెండు కుండలుంటాయి, ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో నూలుకు పెట్టే గంజి. ఆ హడావిడిలో ఆమె ముంచింది గంజే అయి ఉంటుందని, గంజితో ఇచ్చింది జ్ఞానస్నానమే కాదని ఆయన తనకు తానే తీర్పు చెప్పుకుని, ఆ మాట గురువుకు తప్ప ఊరందరికీ చెప్పాడు. దాంతో చర్చి ఆవరణలో పిల్లలు నన్ను గంజిపిల్లా అని పిలిచేవాళ్ళు. అందరూ ఎరిగిన పిల్లను గనుక కాగితాలేవీ అడగకుండానే మొదటి దివ్యసత్ప్రసాదం, పూజలో నాలుక మీద పెట్టే అప్పం, ఇచ్చారు గానీ, ఆ రోజు పదకొండు మంది పిల్లల వరసలో ఆయన నన్ను నిలబెట్టింది పదకొండో చోట.

నేను ఆలూరులో టీచరుగా చేరిన రెండేళ్ళకు కృష్ణగిరి వైపు సంబంధం కుదిరింది, ఆయనా టీచరే. విభూతి బుధవారంతో నలభై రోజుల తపస్సుకాలం మొదలైతే పెళ్ళిళ్ళు ఉండవు, ఆలోగా మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదవాలి, మిగిలింది నాలుగే ఆదివారాలు. అలాంటి సమయంలో ఆదోని గురువు పెళ్ళి కాగితాల కోసం ఆ జ్ఞానస్నానాల పుస్తకం తెరిస్తే నా పేరు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ఉపదేశి వరండాలో సిద్ధంగా ఉన్నాడు. నీళ్ళేనని అమ్మ చెప్పింది గానీ, ఏ కుండలో ముంచిందో చూశావా అని అడిగితే, అబద్ధం ఆడలేక, చూడలేదంది.

గురువు మంచి మనిషి. అనుమానం ఉన్నచోట, ఇదివరకు పొంది ఉండకపోతేనే ఇది చెల్లుతుందని ముందుగా చెప్పి జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, అయిదు నిమిషాల పని అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాబోయే అత్తగారు చెంబుడు నీళ్ళకింత పట్టుదలా అన్నారు, నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పెళ్ళికొడుకైతే బస్సెక్కి వచ్చి మరీ, “నీళ్ళో గంజో నీకేం తెలుసు, నువ్వప్పుడే పుట్టి ఉంటివి గదా,” అని నవ్వాడు. ఎవరేమన్నా నాది ఒకటే మాట. మళ్ళీ పోయించుకుంటే పెద్దమ్మ చేసింది ఉత్తదేనని నా నోటితో ఒప్పుకున్నట్టు. పెళ్ళి ఆగినా సరే, ఆమెను అడగకుండా మాత్రం కుదరదన్నాను. ఇన్నేళ్ళలో ఆమెనొక మాట అడుగుదామని ఎవరికీ తోచలేదు మరి. గురువు సరేనని, పిలుచుకురమ్మన్నారు.

పెద్దమ్మ మగ్గం ఆపి, తాను నేసుకున్న కొత్త చీర కట్టుకుని నాతోనూ అమ్మతోనూ బస్సెక్కింది. దారిపొడుగునా నా పెళ్ళిలో వంటలేమిటని అడిగిందే తప్ప, ఎందుకు తీసుకుపోతున్నావని అడగలేదు. గురువు ముందు నిలబడి నీళ్ళే పోసినానని చెప్పింది. గుమ్మం దగ్గరున్న ఉపదేశి ఊరుకోలేదు.

“రెండు కుండలుంటాయి గదమ్మా. యాదాంట్లో ముంచినావో నీకు మతికుందా?”

పెద్దమ్మ ఆయనను పైనుంచి కిందికి చూసింది. “ఆ పొద్దు అమాస, అన్నా. అమాసనాడు మేము మగ్గం గుంతలో దిగము, గంజి కాయము. ఆ పొద్దు మా ఇంట్లో గంజే లేదు. గంజి పడకుండానే ఇంత బిర్రుగా ఉంది ఈ పిల్ల, పడింటే మీరెవరన్నా వంచగలరా?”

గురువు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను పుట్టింది అమావాస్యనాడేనని అమ్మ అప్పుడు ఒప్పుకుంది. ఆడపిల్ల అమావాస్యనాడు పుట్టిందంటే నలుగురూ నాలుగు మాటలంటారని అన్నేళ్ళూ దాచిపెట్టిందట. తర్వాత గురువు, ఏమని పలికి పోశావమ్మా అని అడిగారు. ఇరవై మూడేళ్ళ నాటి మాటలు, అక్షరం తప్పకుండా చెప్పింది. ఎలా గుర్తున్నాయంటే మాత్రం కొంచెం సిగ్గుపడింది.

“మరిసిపోతే పిల్లకేమన్నా అయితాదేమోనని, అప్పుడప్పుడు మనసులో అనుకుంటాంటి సామీ.”

నమ్మదగిన సాక్షి ఒక్కరు చాలునని గురువు పుస్తకం తెరిచి నా పేరు రాశారు. జ్ఞానస్నానం ఇచ్చినవారు అన్నచోట, పైనా కిందా అన్నీ గురువుల పేర్లుండగా, నా వరసలో మాత్రం మా పెద్దమ్మ పేరు, ఈరమ్మ అని ఉంది. వచ్చిన మూడు ఆదివారాలూ నా పెళ్ళి ప్రకటన చదవవలసిన పని ఉపదేశిదే. చదివాడు. క్షమించమని మాత్రం నన్ను అడగలేదు, నేనూ క్షమించలేదు.

పెళ్ళిపూజలో పెద్దమ్మ ముందు బెంచీలో కూర్చుని, దివ్యసత్ప్రసాదం వేళకు అందరితోపాటు వరసలో వచ్చి నిలబడింది. అది జ్ఞానస్నానం పొందినవాళ్ళకే గనుక గురువు ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపారు. ఆమె ఆ సంగతి భోజనాల దగ్గర తేల్చుకుంది. “నీళ్ళు పోసే పని నాకు, పలారం మీకా?” అంటే, ఆ బంతిలో గట్టిగా నవ్వింది గురువే. స్వయంగా లేచి ఆమె ఆకులో రెండు లడ్లు వేశారు.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎమ్మిగనూరులో ఆ వీధికి పోతే మగ్గం గుంతలు పూడ్చి బండలు పరిచినారు, కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే, బిడ్డ ఏడ్చిందో లేదో పక్కింటివాళ్ళకు ఫోనులో ఫోటో వచ్చేదాకా తెలియదు. బిడ్డలు బతుకుతున్నారు, అది మంచిదే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ తన దేవునిది కాని మాటను, తనకు పుట్టని పిల్ల కోసం, మగ్గం తొక్కుతూ అన్నేళ్ళు మనసులో కాపాడిన మనిషి ఒకరు నాకుండేది. ఇప్పుడు నన్ను తలచుకుని అలా ఏ మాటైనా అనుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గుర్తుపెట్టుకునే పని అంతా నాకే వచ్చిపడింది.