గడప బయట ఆగినవాడు

కంకిపాడులో మా పిన్ని శుక్రవారం గడపకు పసుపు రాస్తుంటే, పక్కన కూర్చుని నేను చదువుతున్న ఇంగ్లీషు నవల కథ చెప్పాను. పాత రక్తపిశాచి కథనే ఎవరో ప్రేమకథగా తిరగరాశారు. ఇంట్లోవాళ్లు పిలవందే ఆ పిశాచి గడప దాటలేడు. మెడలో శిలువ ఉన్న అమ్మాయిని తాకలేడు. కొత్త కథలో అతను గుమ్మం బయటే నిలబడి, "నీకు ఇష్టమేనా?" అని అడుగుతాడు. ఆమె తన చేత్తోనే శిలువ తీసి పక్కన పెడుతుంది.

దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి పిన్ని. దేవుణ్ణి అలా తీసి పెట్టినందుకు మండిపడుతుందనుకున్నాను.

"వద్దంటే ఏం చేసేవాడటే?" అంది.

"వెళ్లిపోయేవాడు పిన్నీ."

పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"నా పెళ్లికి సన్నాయి మేళం వాళ్లని కూడా అడిగారే, ఆ రోజు కుదురుతుందా అని. నన్నే ఎవరూ అడగలేదు."

అంతలో బాబాయి బజారు నుంచి వచ్చాడు. గడప తొక్కకూడదని ఆయనకూ తెలుసు. అయినా తడి పసుపు మీదే కాలేసి లోపలికి వెళ్లిపోయాడు.

పిన్ని ఆ పాదం గుర్తు మీద మళ్లీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గడపకు దణ్ణం పెట్టుకుంది.