గంగరత్న టేపు

పెనుకొండ నుంచి హిందూపురం కంప్యూటర్ క్లాసుకు వచ్చే గంగరత్న మెడలో టైలరు టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. నలభై ఏళ్ల మనిషి. చూపుడువేలి కొసన సూది గుచ్చుకున్న మచ్చలు. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకునే పన్నెండు మందిలో ఇంట్లో కంప్యూటర్ లేనిది ఆమెకొక్కదానికే. పగిలిన ఫోన్‌ను కుట్టుమిషన్‌కు ఆనించి వీడియో పాఠాలు చూస్తుంది. పేజీలో బొమ్మ ఎక్కడో, ధర ఎక్కడో ముందు అట్టముక్కలు కత్తిరించి నేల మీద పేర్చుకుంటుంది. బస్సులో పక్కవాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని, టేపుతో వెడల్పు కొలిచి రాసుకుంటుంది. "ఫోనుకు జాకెట్టు కుడతావా అక్కా?" అని పక్క సీటు పవన్ రోజూ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, కొలవడం మాత్రం మానలేదు.

ఆ రోజు ధర్మవరం పట్టుచీరల వ్యాపారి హనుమప్ప వచ్చాడు. ఎవరి పేజీ నచ్చితే వాళ్లకే తన దుకాణం సైటు పని. పెద్ద తెరల మీద అందరూ చేసిన చీరల పేజీలూ మెరిశాయి. ఆయన జేబులోంచి పాత చిన్న ఫోను తీసి, "నా గిరాకీలు చూసేది ఇట్లాటి దాంట్లోనమ్మా" అన్నాడు. అందులో పవన్ పేజీ తెరిస్తే చీర సగమే కనబడింది, ధర తెర దాటిపోయింది. మిగతావాళ్లవీ అంతే. గంగరత్న పేజీలో చీర మాత్రం అంచు నుంచి అంచు దాకా నిండుగా కుదురుకుంది. "నా ఫోను నువ్వెప్పుడు చూస్తివమ్మా?" అన్నాడాయన. "చూడలేదు సార్. బస్సులో కొలిచినవాట్లో అన్నిటికన్నా చిన్నదానికి సరిపోయేట్ల చేసినా." పని ఆమెకే దక్కింది. "ఆ టేపు ఒకసారి ఇయ్యక్కా" అని పవన్ చెయ్యి చాచాడు. గంగరత్న టేపు మెడలో సర్దుకుంది. "టేపుదేముండాదబ్బా? రేపు నాతో బస్సెక్కు. ఫోన్లన్నీ ఆడ ఉండాయి."